గీజరు కడిగిన వీధి

మా వీధిలో గీజర్లు బాగుచేసే ఆయన ఈ ధనుర్మాసం మొదటి శుక్రవారం చనిపోయాడు. ఎక్కడో కాదు, మా ఇంటికి నాలుగిళ్ల అవతల, ఒక స్నానాల గదిలో, గీజరు మీద చెయ్యి పెట్టి కరెంటు కొట్టి పడిపోయాడు. మరునాడు తెల్లవారుజామున తిరుప్పావై చదివే గోష్ఠిలో, పాశురాలు మొదలుపెట్టబోయే ముందు ఆ మాట వచ్చింది. ఇంక మన గీజర్లు ఎవరు చూస్తారు అన్నాడు ఒకాయన. కరెంటు పనివాడికి మెయిను ఆపాలని తెలియదా అన్నాడు ఇంకొకాయన. ఆయువు తీరితే మెయిను ఆపినా ఒకటే అన్నాడు మూడో ఆయన. ముగ్గురూ కలిసి ఒక మనిషి చావును అంతటితో ముగించి పాశురం అందుకున్నారు. నేనూ అందుకున్నాను. ఎనిమిదో ఏట నుంచి ఆ గోష్ఠిలో కూర్చున్న నోరు నాది, మనసుతో పని లేకుండానే పలుకుతుంది. ఆ రోజు కూడా పలికినందుకు నా నోటి మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు.

ఆయన పేరు నాకు తెలియదు. మా వీధిలో ఎవరికీ తెలియదు. గీజరాయన అనేవాళ్లం. శ్రీకాళహస్తి వైపు మనిషని, చిత్తూరులో మోటార్లు చుట్టే అంగట్లో పని నేర్చుకున్నాడని, తిరుపతిలో రైలుకట్ట అవతల ఉంటాడని మాత్రం తెలుసు. కులం ఏమిటో కచ్చితంగా తెలియదు. దూరం పెట్టడానికి, ఆ తెలియకపోవడమే మాకు చాలింది.

యాభై దగ్గర వయసు. పొట్టి మనిషి. ఖాకీ చొక్కా జేబు ఒక వైపుకు సాగి వేలాడుతుండేది. ఎందుకంటే, పని మొదలుపెట్టే ముందు ఫ్యూజులు రెండూ పీకి ఆ జేబులో వేసుకునేవాడు. "మెయిను ఆపితే ఇంకోడు వచ్చి ఏస్తాడు. జేబులో ఉండేదాన్ని ఎవుడు ఏస్తాడు?" అనేవాడు. సైకిలుకు బస్సు సీటు రెగ్జినుతో కుట్టిన సంచి. వీధి వాకిలి నుంచి ఆయన ఎన్నడూ లోపలికి రాలేదు. వెనక సందులోంచి పెరటి తలుపు గుండా నేరుగా స్నానాల గదికి రావాలి. వచ్చేటప్పటికే తిడుతూ వచ్చేవాడు. సందును తిట్టేవాడు, గొట్టాలు వేసినవాణ్ణి తిట్టేవాడు, మర తిరగకపోతే మరను దాని అమ్మ పేరు పెట్టి తిట్టేవాడు. మా అమ్మ చెవులు మూసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. కోపం కూడా ఆ రెగ్జిను సంచిలో ఒక పనిముట్టేమో అనిపించేది నాకు.

షాకు కొడుతోంది అని చెబితే ఆయనకు చాలదు. నాడి చూసే వైద్యుడిలాగా అడిగేవాడు. ముందు ఎవరికి కొట్టింది, ఏ చేతికి కొట్టింది, కాలు తడిగా ఉందా పొడిగా ఉందా, చెంబు ఇత్తడిదా ప్లాస్టిక్కా. ఇంటివాళ్లు సగం చెప్పి సగం దాస్తే కనిపెట్టేవాడు. "మిషను అబద్ధం సెప్పదప్పా. ఇంటోళ్లే సెప్తారు" అనేవాడు. విప్పిన మరలన్నీ న్యూస్‌పేపరు మీద విప్పిన వరసలోనే పేర్చేవాడు. ఆ పేపరు మీద ఎవరి నీడ పడినా కసురుకునేవాడు.

మా ఇళ్లల్లో ఆయనకు కాఫీ ఇచ్చేవాళ్లం. ఎత్తి పట్టుకుని, గ్లాసుకు గ్లాసు తగలకుండా పైనుంచి పోసేవాళ్లం. ఒకసారి మా అమ్మ అలా పోయబోతే ఆయన గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. "అంత పైనించి పడే కాఫీ నా గొంతు దిగదు తల్లీ" అని, సంచిలోంచి తన నీళ్ల సీసా తీసుకుని తాగాడు. ఆ తరవాత ఎవరింట్లోనూ కాఫీ ముట్టలేదు. పనిచేసేటప్పుడు కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలనేవాడు. స్నానాల గదిలో చెప్పులా అని మేము ఒప్పుకునేవాళ్లం కాము. చివరికి పని చేసేంతసేపు ఒక చెక్కపీట మీద నిలబడేవాడు. "మీకు ఆచారం ఉండాది, కరెంటుకు లేదు గదా సామీ" అనేవాడు. తప్పిన కరెంటు నేలలోకి పోయేటట్టు పెరట్లో గుంత తవ్వి ఎర్తు పెడతానని ప్రతి ఇంట్లోనూ పోరేవాడు. తులసికోట ఉన్న పెరటిని ఆయన చేత తవ్వించడం ఎవరికీ ఇష్టం లేదు.

ఆయన పద్ధతి ఇంకొకటి ఉంది. అది చెప్పకపోతే ఈ మనిషిని చెప్పినట్టు కాదు. బాగుచేశాక ఫ్యూజులు తిరిగి పెట్టి, స్విచ్చి వేసి, సందులోకి వెళ్లి ఒక బీడీ తాగేవాడు. నీళ్లు కాగేంతసేపు. లోపల కూర్చోమని మేమూ అనలేదు, ఆయనా అడగలేదు. బీడీ అయిపోయాక వచ్చి, ఎడమ అరచెయ్యి గీజరుకు ఆనించేవాడు. తరవాత కొళాయి తిప్పి నీళ్లల్లో పెట్టేవాడు. టెస్టరు ఉంది కదా, చెయ్యి ఎందుకు అని అడిగాను ఒకసారి. "టెస్టరుకు పెళ్లాం బిడ్డలు లేరు. దానికి భయం ఉండదు. ముందు నా సెయ్యి, తర్వాతే మీ సెయ్యి" అన్నాడు.

ఇక నా సంగతి చెప్పాలి. ఏడేళ్ల కిందటి ధనుర్మాసం అది.

మా నాయన మా వీధి గోష్ఠిలో ముందు వరసలో కూర్చునేవాడు. నెల పొడుగునా తెల్లవారకముందే తలస్నానం చేసి వెళ్లాలి. ఆయనకు ఉబ్బసం. కొండ మీది నుంచి దిగే ఆ చలిలో చన్నీళ్లు పోసుకుంటే రెండో రోజుకు మంచం ఎక్కేవాడు. కట్టెల పొగ తగలకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి నీళ్లు కాచే రాగి ఆండా మూలన పడింది. కిరసనాయిలు స్టవ్వు మీద కాచిన నీళ్లు మడికి పనికిరావని నాయనే అన్నాడు. అందువల్ల గీజరు పెట్టించుకున్నాం. నీళ్లు మా బావివే, కాచేది కరెంటే, మధ్యలో మనిషి చెయ్యి లేదని నాయన తీర్పు చెప్పుకున్నాడు.

ధనుర్మాసం రెండో రోజున కొళాయి తిప్పబోయి నాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మోచేతి దాకా జిల్లుమందట. నేను ముట్టుకుని చూశాను, నాకూ కొట్టింది. గీజరాయనను పిలిచాం. ఆయన కింది మూత విప్పి చూస్తే కరెంటు తీగలు బిగించే చోట తడి, పచ్చని చిలుము. కాయిలు దగ్గరి రబ్బరు పోయి నీళ్లు ఊరుతున్నాయని కొత్త రబ్బరు వేశాడు. అంతా తుడిచి, ఆరబెట్టి, చెయ్యి పెట్టి చూసి వెళ్లాడు.

ఆయన వెళ్లగానే నాయన చెప్పినట్టు నేను స్నానాల గది కడిగాను. గోడలు, నేల, గొట్టం, అన్నీ. చిన్న స్టూలు ఎక్కి మంత్రం చెప్పుకుంటూ గీజరు మీద మూడు చెంబుల నీళ్లు పోశాను. అతను తాకినది కదా. అందులో నాకు వింతేమీ కనబడలేదు. నేను సంస్కృతం మాస్టరును, నలుగురికి శుద్ధి గురించి చెప్పేవాణ్ణి.

మూడు రోజులకు మళ్లీ షాకు. మళ్లీ పిలిచాం. మళ్లీ అదే తడి. ఈసారి ఆయన తొట్టికి ఎక్కడో సన్నని చిల్లి ఉందనుకున్నాడు. తొట్టి మొత్తం కిందికి దించి, నీళ్లు నింపి, పెరట్లో పెట్టి పొద్దంతా దాని పక్కనే కూర్చున్నాడు. ఒక్క బొట్టు కారలేదు. తిరిగి ఎక్కించి, మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. నేను మళ్లీ స్టూలు ఎక్కాను. ఆ తరవాత రెండో రోజు పొద్దున నాయనకు ఈసారి భుజం దాకా కొట్టింది. గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆ రోజు గోష్ఠికి చన్నీళ్లతో వెళ్లి వచ్చి, మధ్యాహ్నానికి పిల్లికూతలతో మంచం పట్టాడు. షాకు కొట్టే వేణ్ణీళ్లు, ఊపిరి ఆపే చన్నీళ్లు. ఈ రెంటి మధ్య మా నాయన ప్రాణం ఉంది. నెలలో ఇంకా ఇరవై రోజులకు పైనే ఉన్నాయి. మానమంటే మానే మనిషి కాదు.

మూడోసారి గీజరాయన తిట్టలేదు. అందుకు నాకు ఇంకా భయం వేసింది. తుడిచి ఆరబెట్టి, పొడి ముగ్గుపిండి ఇవ్వమని అడిగాడు. "విభూతైతే ఇంకా మెత్తంగా ఉంటాది. మీ ఇంట్లో యాడ దొరుకుతాది" అని నా నామాల వైపు చూసి నవ్వాడు. ఆయన నవ్వగా చూసింది ఆ ఒక్కసారే. అతుకుల దగ్గర, గొట్టాల మొదట్లో, తొట్టి పైనా పక్కలా పల్చగా పిండి అద్దాడు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చినా ఈ పిండే చెబుతుందని, రెండు రోజులు దాన్ని ఎవరూ తాకవద్దని చెప్పి వెళ్లాడు.

నేను నాయనను అడిగాను, ఈసారి కడగడం ఆపుదామా అని. ఆయన ఆలోచించి, "తాకొద్దన్నాడు గానీ నీళ్లు పొయ్యొద్దనలేదు గదా" అన్నాడు. శాస్త్రం చదివినవాళ్లకు ఇలాంటి సందులు బాగా కనబడతాయి. నాకూ ఆ సందు నచ్చింది. తాకకుండా, ఒక్క చెంబే పోశాను.

రెండు రోజులకు ఆయన వచ్చి, పీట మీద నిలబడి, చాలాసేపు ఊరికే చూశాడు. కింద అతుకుల దగ్గర వేసిన పిండి పొడిగానే ఉంది. పైన మాత్రం శుభ్రంగా తుడిచిపెట్టుకుపోయింది. పక్కల వెంట తెల్లని చారలు దిగి, కింది మూత సందులో ఆగాయి. ఆయన తల ఎత్తి మిద్దె కప్పు వైపు చూశాడు. మిద్దె ఎండి ఉంది. తరవాత మూలనున్న స్టూలు చూశాడు. దాని మీది ఇత్తడి చెంబు చూశాడు. చివర నన్ను చూశాడు.

"ఈ గదిలో వాన కురస్తాదా సామీ?"

నా చూపు చెంబు మీదికి పోయింది.

"నేను పోయినాక కడగతా ఉండారా?"

గడప అవతల నుంచి నాయన జవాబిచ్చాడు. "అది మా ఆచారం. నువ్వు నీ పని సూసుకో."

ఆయన గొంతు పెంచలేదు. నాయన వైపు తిరగను కూడా లేదు. నాతోనే అన్నాడు. "మూడు తూర్లు ఇప్పినాను. నా పనిలో యాడో తప్పుండాదని నాకు నిద్దర పట్టలేదప్పా. మా ఇంటిదాన్ని గూడా తిట్టినాను. నేను తుడస్తా ఉంటాను, మీరు కడగతా ఉండండి. పెద్దాయన సచ్చిపోతే అప్పుడు ఎవుర్ని కడగతారు?"

అయినా పని వదిలి వెళ్లలేదు. మళ్లీ విప్పాడు, తుడిచాడు, చిలుము గీకాడు, బిగించాడు. ఫ్యూజులు పెట్టి స్విచ్చి వేశాడు. ఆ రోజు బీడీకి పోలేదు. పీట దిగి, తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి, ఎడమ అరచెయ్యి గీజరు పొట్టకు ఆనించాడు.

"సెంబు ఎత్తుకో" అన్నాడు.

ఎందుకన్నాను.

"నేను పోయినాక పోసేది నేనుండంగానే పొయ్యి. నేను తాకిందాన్నే గదా కడిగేది. ఇదిగో, తాకే ఉండాను."

చెంబు ఎత్తాను. నిండుగా ఉంది. స్టూలు మీదికి ఒక కాలు పెట్టాను. రెండో కాలు లేవలేదు.

"పొయ్యవా? నా సెయ్యి ఉండాదనా? తెల్లారితే ఈడ మీ నాయన సెయ్యి ఉంటాది."

చెంబు కింద పెట్టాను. ఆయన చెయ్యి తీసి, పేపరు మడిచి, సంచి సర్దుకుని, పెరటి తలుపు గుండా వెళ్లిపోయాడు. నాయన అంతకు ముందే అక్కడి నుంచి లేచి వెళ్లాడు.

సాయంకాలం నాయన అడిగాడు, "కడిగినావా?"

"కడిగినాను నాయనా" అన్నాను.

కడగలేదు. మళ్లీ ఎప్పుడూ కడగలేదు. కడగలేదని చెబితే నాయన ఆ నీళ్లు పోసుకోడు, చన్నీళ్లకు దిగుతాడు, రెండు రోజుల్లో పోతాడు. అదొక కారణం. రెండోది, ఆయన ముందు నిలబడి కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. మొదటి కారణాన్ని ముందు పెట్టుకుని రెండోదాన్ని ఇన్నాళ్లు దాచాను.

షాకు ఆగిపోయింది. నాయన ఆ నెలంతా వెచ్చగా స్నానం చేసి, ముందు వరసలో కూర్చుని, గొంతెత్తి పాశురాలు చెప్పాడు. తరవాత ఇంకో ఐదేళ్లు బతికాడు. అదే తన నిష్ఠకు సాక్ష్యమనుకున్నాడు. గీజరాయన వచ్చి పోయినప్పుడల్లా మా ఇంట్లో గీజరును పైనుంచి కిందికి కడిగిస్తామని, ఏమీ కాలేదని గోష్ఠిలో చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. మా నాయన మాట మా వీధికి ప్రమాణం. అప్పటిదాకా నేల మాత్రమే కడిగిన ఇళ్లవాళ్లు కూడా గీజర్లు కడగడం మొదలుపెట్టారు. నా అబద్ధం ఆచారమైంది.

గీజరాయనకు మా వీధిలో పని పెరిగింది. ఏ ఇంట్లో అడిగినా కడగలేదనే చెప్పేవాళ్లు. దారిలో నేను కనబడితే సైకిలు ఆపి, "మీ వీధిలో వానలు ఎక్కువైనాయి సామీ" అనేవాడు. నేను నవ్వి తప్పుకునేవాణ్ణి. ఏడేళ్లు అలా నవ్వాను. ఆ నవ్వును ఇప్పుడు తలచుకుంటే నా పళ్లు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ శుక్రవారం ఏం జరిగిందో ఆ ఇంటాయనను పక్కకు పిలిచి అడిగాను. గీజరు బాగైంది, స్విచ్చి వేసి ఆయన బీడీకి సందులోకి వెళ్లాడు. పని అయిపోయిందనుకుని ఈలోపల ఇంటాయన గీజరు కడిగేశాడు. ఎండలోంచి లోపలికి వచ్చిన మనిషికి ఆ తడి కనబడలేదు. కాళ్లకు చెప్పులు లేవు. పీట ఎక్కకుండా నేరుగా వచ్చి, తన అలవాటు ప్రకారం చెయ్యి ఆనించాడు. కడిగామని ఒక్క మాట చెప్పలేదా అని అడిగాను.

"ఎట్ల సెప్తాము స్వామీ, మొగం మీద? బాధ పడతాడు గదా" అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. శవాన్ని తీసుకుపోయాక ఆ గది మొత్తం మళ్లీ కడిగారట. గీజరుతో సహా.

నాకు శాస్త్రం మీద విశ్వాసం పోలేదు. పోయి ఉంటే ఇంత కోపం ఉండేది కాదు. స్వామి అన్ని ప్రాణుల లోపలా ఉన్నాడని రోజూ తెల్లవారుజామున చెప్పుకునేవాళ్లం మేము. ఆ స్వామి ఉన్న చెయ్యి తగిలిందని గీజరు కడిగిన వాళ్లమూ మేమే. ఈ రెండు మాటలూ ఒకే నోటితో ఎలా చెప్పామో నాకు అంతుబట్టలేదు. ఆదివారం గోష్ఠి అయ్యాక లేచి నిలబడి అంతా చెప్పాను. మా ఇంట్లో ఏడేళ్లుగా కడగలేదని, నాయనకు అబద్ధం చెప్పానని, ఆ అబద్ధాన్ని నమ్మి వీధి అంతా కడిగిందని, కడగడం వల్లే ఆ మనిషి చనిపోయాడని, ఆ చావు నా మెడకు చుట్టుకుని ఉందని చెప్పాను.

గోష్ఠికి పెద్ద ఒక స్వామి. నాకు అక్షరాలు దిద్దించినవాడు, చీమకు కూడా అపకారం తలపెట్టని మనిషి. కళ్లు మూసుకుని చెప్పాడు. "తండ్రి ప్రాణం కోసం ఆడిన అబద్ధం. దానికి దోషం లేదు నాయనా." కళ్లు తెరిచి మళ్లీ అన్నాడు. "కడగకుండా ఉండేది మాత్రం దోషమే. అన్ని నాళ్లు ఆయన్ని ఆ నీళ్లతో గోష్ఠికి పంపినావు. దానికి ప్రాయశ్చిత్తం సేసుకోవాల, మీ నాయన పేరన గూడా."

ఎన్ని దినాలు ఉపవాసమో, పంచగవ్యం ఎప్పుడు తీసుకోవాలో మిగిలినవాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇక మీదనైనా కడగడం మానతారా అని అడిగాను. ఎవరో వెనక నుంచి, మెయిను ఆపి కడుగుదాం అన్నారు. బాగుందన్నారు అందరూ. మెయిను ఆపి పోసినా మూత లోపలికి పోయిన తడి అక్కడే ఉంటుందని నేను చెబుతుంటే వినే చెవి లేదు.

నేను చేసిన ఘోరానికి క్షమ దొరికింది. నేను చేసిన ఒకే ఒక్క మంచి పనికి శిక్ష పడింది. రెండూ నాకు వద్దని చెప్పి వచ్చేశాను.

అప్పటి నుంచి రోజూ సాయంకాలం బడి వదిలాక మా వీధిలో ఇంటింటికీ వెళ్తున్నాను. గీజరు మీద నీళ్లు పోయవద్దు, పెరట్లో ఎర్తు పెట్టించండి, పనికి వచ్చినవాణ్ణి చెప్పులతో నిలబడనివ్వండి అని చెబుతున్నాను. కొందరు వింటారు, కొందరు లోపలి నుంచే లేరనిపిస్తారు. ప్రాయశ్చిత్తం చేసుకోనివాణ్ణి కాబట్టి నన్ను గుమ్మం దాటి రానివ్వరు. నేను అటు వెళ్లగానే నేను నిలబడిన మెట్టు కడుగుతున్నారని మా అమ్మ ఏడుస్తూ చెప్పింది. కడగనీ అన్నాను. మెట్టు కడిగితే ఎవరూ చావరు.